కరాటేనా, జూడోనా అని అడిగే ముందు ఒక క్లాసు చూసి రండి

సంపాదకులకు నమస్కారం.

ఎండాకాలం సెలవులు దగ్గర పడగానే హన్మకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా కరాటే, తైక్వాండో, కిక్‌బాక్సింగ్ శిబిరాల బోర్డులు కనిపిస్తాయి. నర్సంపేట, పరకాల, జనగామల్లోనూ అంతే. ఈ రోజుల్లో తల్లిదండ్రులూ, డిగ్రీ చదివే పిల్లలూ, రాత్రి డ్యూటీలు చేసి వచ్చే ఆడపిల్లలూ మాలాంటి శిక్షకులను అడిగే ప్రశ్న ఒక్కటే: ‘వీటిలో ఏది నేర్చుకుంటే నిజంగా పనికొస్తుంది?’ ఈ ప్రశ్నకు జవాబు నలుగురికీ చేరాలని మీ పత్రికకు రాస్తున్నాం.

విద్య పేరు చూసి చేరకండి. వారంలో కనీసం రెండుసార్లు ఎదుటివాడు నిజంగా ఎదిరించే సాధన ఏ క్లాసులో ఉంటుందో అక్కడ చేరండి. గాలిలో వంద గుద్దులు గుద్దినా, వరసలో నిలబడి కటాలు (ఎదుట మనిషి లేకుండా వరసగా చేసే కదలికలు) చేసినా శరీరానికి వ్యాయామం దొరుకుతుంది, క్రమశిక్షణ వస్తుంది. కానీ ఒకడు మీ చొక్కా పట్టి గోడకు నెట్టినప్పుడు ఏం చెయ్యాలో శరీరానికి తెలియాలంటే, సాధనలో కూడా ఎవరో ఒకరు నెట్టి ఉండాలి. మీరు చేసే పనిని ఆపాలని మనసు పెట్టి ప్రయత్నించి ఉండాలి.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1882లో టోక్యోలో జిగోరో కానో జూడోను మొదలుపెట్టినప్పుడు జపాన్ పాత యుద్ధవిద్య జుజుత్సులో ఉన్న ప్రమాదకరమైన పట్లు చాలావాటిని రోజువారీ పెనుగులాట నుంచి తీసి పక్కన పెట్టాడు. కళ్లలో పొడవడం, వేళ్లు విరవడం వంటివి స్నేహితుడి మీద పూర్తి బలంతో సాధన చెయ్యలేం కదా. ఎత్తి పడెయ్యడం, నేల మీద అదిమి పట్టడం లాంటి వాటిని మాత్రం రోజూ పూర్తి బలంతో సాధన చెయ్యవచ్చు. ‘రాందోరి’ అనే ఈ స్వేచ్ఛా పెనుగులాటే జూడోకు పదును తెచ్చింది. ‘మా విద్య చాలా ప్రమాదకరం, అందుకే స్పారింగ్ (ఎదిరించే జోడీతో తలపడే సాధన) పెట్టం’ అని చెప్పే మాస్టర్లు ఇప్పటికీ ఉన్నారు. అలా అన్నచోట ఫీజు కట్టకండి.

ఫీజు కట్టే ముందు ఒక గంట కూర్చుని క్లాసు చూడండి. చూడనివ్వకపోతే అక్కడి నుంచి వచ్చెయ్యండి. ముందుగా నేల చూడాలి. గుద్దులు, తన్నుల సాధనకు 20 మిల్లీమీటర్ల ఫోమ్ మ్యాట్లు సరిపోతాయి. మనిషిని ఎత్తి వేసే సాధనకు 40 మిల్లీమీటర్ల జూడో మ్యాట్లు కావాలి, వాటి మధ్య సందులు ఉండకూడదు. కాలి బొటనవేలు ఆ సందులో ఇరుక్కుంటే మోకాలు మెలి తిరుగుతుంది. సిమెంటు నేల మీదా, ఫంక్షన్ హాలు టైల్స్ మీదా పిల్లలను ఎత్తి వేయిస్తున్నారంటే ఆ మాస్టరుకు మెడ, తల గాయాల గురించి పట్టింపు లేదని అర్థం.

తర్వాత ఇద్దరిద్దరు కలిసి చేసేది చూడండి. ఉదాహరణకు దాదాపు ప్రతి ఆత్మరక్షణ క్లాసులోనూ చూపించే మణికట్టు విడిపించుకునే పద్ధతినే తీసుకోండి. ఎవరు పట్టుకున్నా ఆ పట్టులో బలహీనమైన చోటు బొటనవేలి కొస, మిగతా వేళ్ల కొసలు కలిసే సందు. మన ముంజేతి సన్నటి అంచును ఆ సందు వైపు తిప్పాలి. మన మోచేతిని ఎదుటివాడి మోచేతి వైపు తోస్తూ అడుగు ముందుకు వెయ్యాలి. అప్పుడే చెయ్యి జారి వస్తుంది. చేతిని ఊరికే వెనక్కి గుంజితే రాదు, ఎందుకంటే వాడి నాలుగు వేళ్ల బలంతో మన ఒక్క భుజం తలపడాల్సి వస్తుంది. చాలా క్లాసుల్లో ఎదుటి విద్యార్థి వదులుగా పట్టుకుని, మాస్టరు అంకెలు లెక్కపెట్టగానే వదిలేస్తాడు. అది చూసి ‘వచ్చేసింది’ అనుకుంటాం. మంచి క్లాసులో మొదటి వారం మాత్రమే అలా ఉంటుంది. రెండో వారం గట్టిగా పడతారు. మూడో వారం పట్టుకుని ఈడ్చుకెళ్తారు. నాలుగో వారం ఈడుస్తూ, మెత్తటి గ్లౌజు వేసిన రెండో చేత్తో తల మీద తడుతుంటారు. అప్పుడు తెలుస్తుంది, పట్టు బిగిసిన తర్వాత కన్నా బిగిసే లోపు మొదటి క్షణంలోనే విడిపించుకోవడం తేలికని. ఈ నాలుగు మెట్లూ లేని క్లాసులో ఏడాది నేర్చుకున్నా చేతికి వచ్చేది మొదటి మెట్టే.

ఇక విద్యల సంగతి. కొత్తవాళ్లలో ఎక్కువ మందికి మేం ముందు చెప్పేది పట్టు విద్యల్లో ఒకటి. జూడో, కుస్తీ, దొరికితే ఎక్కువగా నేల మీది పట్లు నేర్పే బ్రెజిలియన్ జుజుత్సు. గల్లీ గొడవ చాలాసార్లు కాలర్ పట్టుకోవడంతోనో నెట్టడంతోనో మొదలై, ఇద్దరూ ఒకరినొకరు పెనవేసుకునే దాకా పోతుంది. అక్కడ నిలదొక్కుకోవడం, కింద పడితే లేవడం తెలిసినవాడికి ఎదుటివాడిని గాయపరచకుండా ఆపే వీలుంటుంది. 1993లో అమెరికాలోని డెన్వర్‌లో జరిగిన తొలి యూఎఫ్‌సీ పోటీలో (రకరకాల యుద్ధవిద్యల వాళ్లు ఒకరితో ఒకరు తలపడే పోటీ) బ్రెజిలియన్ జుజుత్సు ఆటగాడు రాయిస్ గ్రేసీ తనకన్నా బరువైనవాళ్లను కింద పడేసి పట్లతో ఓడించిన తర్వాత ప్రపంచమంతా ఈ సంగతి ఒప్పుకుంది. బ్రెజిలియన్ జుజుత్సు నేర్పేచోట్లు మన వైపు ఇంకా తక్కువే. దానికోసం హైదరాబాద్ దాకా తిరగాల్సి వస్తే మూడు నెలలకే మానేస్తారు. ఇంటికి అరగంట దూరంలో, వారానికి మూడు రోజులు పోగలిగే చోటు ఉంటే, మీకు పనికొచ్చే విద్య అదే.

కుస్తీని మనవాళ్లు పాతకాలం ఆట అని పక్కన పెట్టారు, అది బాధాకరం. నిజామాబాద్, కామారెడ్డి, ఆదిలాబాద్ పల్లెల్లో జాతరలప్పుడు కొబ్బరికాయ కుస్తీతో మొదలై వెండి కడెం కుస్తీతో ముగిసే పోటీలు ఇప్పటికీ జరుగుతున్నాయి. తాలీంలో (కుస్తీ సాధన చేసే చోట) ఉస్తాద్ దగ్గర దండాలు, బస్కీలు తీసి, మెత్తగా తవ్విన మట్టిలో రోజూ పెనుగులాడే పిల్లవాడికి నడుము బలం, పట్టు, ఊపిరి వస్తాయి. దీనికి పెట్టుబడి దాదాపు లేదు. రెండు లోటుపాట్లు మాత్రం ఉన్నాయి. గుద్దు నుంచి ముఖాన్ని కాపాడుకోవడం ఇందులో నేర్పరు. వెనక్కి సురక్షితంగా పడటం కూడా విడిగా నేర్పరు. వీపు నేలకు తాకితే ఓటమే కాబట్టి పహిల్వాన్ అలా పడకుండా చూసుకోవడమే నేర్చుకుంటాడు. ఈ రెండింటినీ వేరే చోట నేర్చుకోవాలి.

చేతి విద్యల్లో కొత్తవాళ్లకు బాక్సింగే ముందు. నేర్చుకోవాల్సిన దెబ్బలు తక్కువ, వాటినే వేలసార్లు కొట్టి, తప్పించుకుని సాధన చేస్తారు. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో, 2023లో ఢిల్లీలో 50 కిలోల విభాగంలో ప్రపంచ విజేత అయింది. అదే ఊరి మహమ్మద్ హుసాముద్దీన్ 2023 ప్రపంచ పోటీల్లో 57 కిలోల విభాగంలో కాంస్యం తెచ్చాడు. ఉత్తర తెలంగాణలో బాక్సింగ్ లేదనే మాటకు తావే లేదు. మోకాళ్లు, మోచేతులు కూడా వాడే థాయ్‌లాండ్ విద్య ముయే థాయ్ బాగా నేర్పేవాళ్లుంటే అదీ మంచిదే.

కరాటే, తైక్వాండో విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ఎక్కువ దొరికేవి అవే. తైక్వాండో 2000 సిడ్నీ నుంచి ఒలింపిక్ పతకాల క్రీడ. కాళ్ల వేగం, దూరం అంచనా వేయడం దానితో బాగా వస్తాయి. ఆ నియమాల్లో ముఖం మీద గుద్దకూడదు. అందుకని ఆటగాళ్లకు చేతులు కిందికి వదిలేసే అలవాటు పడుతుంది. ఇరుకు గదిలో, మెట్ల మీద, బస్సులో ఆ తన్నులకు చోటు కూడా దొరకదు. కరాటే ఒలింపిక్స్‌లో ఆడింది ఒక్కసారే, 2021లో జరిగిన టోక్యో క్రీడల్లో. పాయింట్ల కరాటేలో ముఖం మీదికి దెబ్బను అదుపుచేసి ఆపాలి, పాయింటు రాగానే రిఫరీ ఆట ఆపుతాడు. మసుతత్సు ఒయామా స్థాపించిన క్యోకుషిన్ అనే కరాటే శాఖలో ఒంటి మీద పూర్తి బలంతో కొడతారు గానీ అక్కడా చేత్తో ముఖం మీద గుద్దరు. ఇవేవీ పనికిరానివి కావు. ఏ నియమం ఏ అలవాటు పెంచుతుందో శిక్షకుడు దాచకుండా చెప్పి, ముఖానికి రక్షణ వేయించి విడిగా సాధన చేయిస్తే మంచి కరాటే క్లాసు నీరసమైన బాక్సింగ్ క్లాసు కన్నా ఎంతో మెరుగు.

ఇజ్రాయెల్ ఆత్మరక్షణ పద్ధతి క్రావ్ మగా పేరుతో రెండు రోజుల వర్క్‌షాపులు వస్తున్నాయి. కాలేజీలు వేలకు వేలు కట్టి పెట్టిస్తున్నాయి. రెండు రోజుల్లో కత్తిని చేత్తో లాక్కోవడం నేర్పుతామంటే నమ్మొద్దు. కత్తి పట్టుకున్నవాడు ఒక్కసారి పొడిచి చెయ్యి చాపి ఆగడు, రెండో చేత్తో పట్టుకుని వరసగా పొడుస్తాడు. సాధనకు ఒక రబ్బరు కత్తికి సుద్ద పూసి, ఎదిరించే మనిషికిచ్చి చూడండి. ఎంత అనుభవం ఉన్నవాడి చొక్కా మీదైనా గీతలు పడతాయి. కత్తి కనబడితే దూరం పెంచాలి, మధ్యలో బండినో కుర్చీనో అడ్డం పెట్టుకోవాలి, పరుగెత్తాలి. మంచి శిక్షకుడు మొదట చెప్పేది ఇదే.

ఎందులో చేరినా మొదటి నెల పడటమే నేర్చుకోండి. జీవితంలో ఎక్కువసార్లు అక్కరకొచ్చేది ఇదే. వానాకాలం బండి జారినా, స్నానాల గదిలో కాలు జారినా ఇదే కాపాడుతుంది. వెనక్కి పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించి, చూపు నడుముకు కట్టిన బెల్టు మీద నిలపాలి. అలా చేస్తేనే తల వెనక భాగం నేలకు కొట్టుకోదు. చేతులు ఒంటికి 45 డిగ్రీల ఎడంగా చాచి, అరచేతులు కిందికి పెట్టి, వీపు తగిలే క్షణంలోనే మ్యాట్‌ను చరచాలి. ఇంకా పైకి చాస్తే భారం భుజం మీద పడుతుంది. అరచెయ్యి వెనక్కి పెట్టి ఆపుకోవాలని చూస్తే మణికట్టో మోచెయ్యో భుజం ముందరి ఎముకో విరుగుతుంది. కొత్తవాళ్లకు సహజంగా వచ్చేది ఆ తప్పే. మొదట కూర్చున్న చోటి నుంచి, తర్వాత గొంతుక్కూర్చుని, ఆ తర్వాతే నిలబడి చెయ్యాలి. రోజుకు ముప్పై, నలభై సార్లు చాలు. ఊపిరి బిగబట్టకుండా వదులుతూ పడాలి. ఈ సాధన లేకుండా మొదటి వారమే ఎత్తి వేయించే క్లాసుకు రెండోరోజు పోకండి.

గుద్దే విద్య అయితే పిడికిలితో మొదలవుతుంది. బొటనవేలు పిడికిట్లో దాస్తే విరుగుతుంది, దాన్ని బయట, చూపుడు, నడిమి వేళ్ల మీదుగా మడిచి పెట్టాలి. తగలాల్సింది చూపుడు వేలు, నడిమి వేలి మెటికలు. చిటికెన వేలి వైపు తగిలితే దాని వెనక అరచేతిలో ఉన్న ఎముక విరుగుతుంది. ఆసుపత్రుల్లో బాక్సర్ ఫ్రాక్చర్ అనేది దీన్నే. మణికట్టు వంగకూడదు. పెద్దవాళ్లకు చేతికట్టు గుడ్డ నాలుగున్నర మీటర్లు కావాలి. వేలాడదీసి గుద్దే బ్యాగు మీద 12 ఔన్సుల గ్లౌజులు, మనిషితో స్పారింగ్ చేసేటప్పుడు 14 నుంచి 16 ఔన్సులవి వాడాలి. బ్యాగు మీద వాడి లోపల అరిగిపోయిన గ్లౌజులతో స్పారింగ్ చేయనివ్వకండి. వేడినీళ్లలో మెత్తబరచి పళ్లకు అమర్చుకునే మౌత్ గార్డు ఎవరిది వాళ్లకే ఉండాలి.

తలకు దెబ్బ తగిలిన తర్వాత తలనొప్పి, వాంతి, కళ్లు తిరగడం, వెలుతురు పడకపోవడం, అడిగిందే మళ్లీ అడగడం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఆ రోజుకు సాధన ఆపెయ్యాలి. డాక్టరుకు చూపించాలి. ఒకటి రెండు రోజుల విశ్రాంతి తర్వాత మెల్లగా నడక, వ్యాయామం మొదలుపెట్టి, లక్షణాలన్నీ పోయి డాక్టరు సరేనన్నాకే స్పారింగ్. హెడ్‌గార్డు ఉంది కదా అనే ధైర్యం వద్దు. అది చర్మం చిట్లకుండా ఆపుతుంది, లోపల మెదడు కుదుపును ఆపదు. మొదటి ఆరు నెలలు స్పారింగ్‌లో మూడో వంతు బలం మించకూడదు. ‘దెబ్బలు తింటేనే రాటుదేలుతాడు’ అనే మాస్టరు దగ్గర పిల్లవాడిని ఒక్కరోజు కూడా ఉంచకండి.

పిల్లల విషయంలో ఇంకొన్ని జాగ్రత్తలు. గొంతు నొక్కే పట్లు, కీళ్లు విరిచే పట్లు చిన్నపిల్లలకు నేర్పకూడదు. జోడీ కట్టేటప్పుడు వయసుతో పాటు బరువూ చూడాలి. పోటీ కోసం బరువు తగ్గాలని నీళ్లు మాన్పించడం, మన మే నెల ఎండల్లో రెయిన్‌కోటు వేసి పరుగెత్తించడం ప్రాణం మీదికి తెస్తాయి. వేసవిలో సాధన పొద్దున ఏడున్నరలోపే ముగించాలి. గోళ్లు కత్తిరించుకుని, కాళ్లు కడుక్కుని మ్యాట్ ఎక్కాలి. ఒకరికి తామర ఉంటే క్లాసులో మిగతావాళ్లకూ అంటుకుంటుంది కాబట్టి మ్యాట్లను రోజూ మందునీళ్లతో తుడుస్తున్నారో లేదో అడగండి. ముఖ్యంగా, తల్లిదండ్రులు ఎప్పుడు వచ్చినా చూసే వీలుండాలి, తలుపులు మూసి నేర్పకూడదు. పట్టు విద్యల్లో ముట్టుకోక తప్పదు. అందుకే ఎక్కడ, ఎందుకు ముట్టుకుంటున్నారో పిల్లలకు ముందే చెప్పాలి. హద్దు మీరితే పిల్లలను లైంగిక వేధింపుల నుంచి కాపాడే పోక్సో చట్టం శిక్షకుడికీ వర్తిస్తుంది. పిల్లలు ఫిర్యాదుకు 1098కి ఫోన్ చెయ్యవచ్చు.

నలభై దాటినవాళ్లు కూడా మొదలుపెట్టవచ్చు. మోకాళ్లు, నడుము నొప్పి ఉన్నవాళ్లు ఎత్తి వేసే సాధన తగ్గించి, బాక్సింగ్ ప్యాడ్లు, నేల మీది పట్లు ఎంచుకుంటే మేలు. బీపీ, గుండె జబ్బు, ఫిట్స్ ఉంటే డాక్టరును అడిగి, శిక్షకుడికి చెప్పి చేరండి.

బెల్టుల దగ్గరికి వస్తే, వారానికి మూడు రోజులు శ్రద్ధగా చేసినవాళ్లకు జూడోలో, కరాటేలో బ్లాక్ బెల్టుకు మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది. బ్రెజిలియన్ జుజుత్సులో పదేళ్లు పట్టడం మామూలు. ఏడాదిలో ఇస్తామంటే అది బట్టకు కట్టిన ధర. గ్రేడింగ్ (బెల్టు పరీక్ష) ఫీజు ఎంత, ఏడాదికి ఎన్నిసార్లు అనేది చేరే రోజే రాయించుకోండి. ఏడాది ఫీజు ఒకేసారి కట్టకండి, నెలనెలా కట్టి రసీదు తీసుకోండి.

చట్టం కూడా తెలిసి ఉండాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 సెక్షన్లు ఆత్మరక్షణ హక్కుకు సంబంధించినవి. రక్షణకు ఎంత అవసరమో అంతే బలం వాడాలి. పారిపోతున్నవాడిని వెంటపడి కొడితే అది ఆత్మరక్షణ కాదు. విడిపించుకుని, జనం ఉన్నచోటికి వెళ్లి 112కు ఫోన్ చెయ్యడం వరకు కలిపి క్లాసులో సాధన చేయించాలి. మహిళలకు 181 హెల్ప్‌లైన్ కూడా ఉంది. వేధింపులు చాలాసార్లు తెలిసినవాళ్ల నుంచే వస్తాయి. కాబట్టి గట్టిగా ‘వద్దు’ అనడం, దూరం జరగడం, ఇంట్లో చెప్పడం కూడా నేర్పాల్సిన విద్యలే. మహిళల రక్షణకు పోలీసులు పెట్టిన షీ టీమ్స్‌కు ఫిర్యాదు ఎలా చెయ్యాలో క్లాసులోనే చూపించాలి.

చివరగా సర్కారు బడుల సంగతి. బడి చదువుల కోసం ఉన్న సర్కారు పథకం సమగ్ర శిక్షలో రాణి లక్ష్మీబాయి ఆత్మరక్షా ప్రశిక్షణ్ కింద 6 నుంచి 12వ తరగతి ఆడపిల్లలకు మూడు నెలల శిక్షణ ఉంది. దానికి బడికి నెలకు ₹5,000 ఇస్తారు. వారానికి రెండు గంటలు అనుకుంటే మొత్తం 24 గంటలు. అందులో సగం కటాలకే పోతే పిల్లలకు మిగిలేది ఆగస్టు 15 ప్రదర్శన. ఆ 24 గంటల్లో పడటానికి ఆరు, ఎదిరించే జోడీతో పట్లు విడిపించుకోవడానికి ఆరు, ప్యాడ్ల మీద అరచేతి దెబ్బ, మోకాలి దెబ్బకు ఆరు, కింద పడ్డాక లేచి పరుగెత్తడానికి నాలుగు, అరవడం, ఎవరికి ఎలా చెప్పాలనే దానికి రెండు గంటలు కేటాయించమని మా సూచన. బడిలో మ్యాట్లు లేకపోతే ఇసుక గుంతో, రాళ్లు ఏరి మెత్తగా తవ్విన నేలో చాలు. వీలైనచోట మహిళా శిక్షకురాలిని పెట్టాలి, లేకపోతే క్లాసు జరిగినంతసేపు ఒక టీచరమ్మ అక్కడే ఉండాలి.

జిల్లా యువజన, క్రీడల అధికారులకు ఒక విన్నపం. హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం గేటు దగ్గర, మిగతా జిల్లా స్టేడియాల దగ్గర ఏ విద్యకు ఏ శిక్షకుడు, ఏ వేళ, ఎంత ఫీజు అనే వివరాలతో ఒక బోర్డు పెట్టించండి. మీ పత్రిక జిల్లా పేజీల్లో బెల్టుల ప్రదానం ఫొటోలు వేసినప్పుడు, అక్కడ వారానికి ఎన్ని రోజులు స్పారింగ్ జరుగుతుందో, మ్యాట్లు ఎంత మందంగా ఉన్నాయో కూడా అడిగి ఒక వాక్యం రాయించండి. జూన్‌లో బడులు తెరిచేలోపు ఇది మొదలైతే ఈ ఏడాది చేరే పిల్లలకే ఉపయోగపడుతుంది.

ఇట్లు,
కొందరు యుద్ధవిద్యల శిక్షకులు,
హన్మకొండ